అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి': సాహస కథ, ప్రధాన పాత్రలు, చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• 'గోన గన్నారెడ్డి' నవలా కథను, రచయిత నేపథ్యాన్ని సంగ్రహంగా చెప్పగలుగుతారు.
• అద్భుత సాహస కథ లక్షణాలు ఈ నవలలో ఎలా కనిపిస్తాయో వివరించగలుగుతారు.
• గన్నారెడ్డి, రుద్రమదేవి, అన్నాంబిక, లకుమయారెడ్డి పాత్రలను విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.
• శాసనాల్లోని గన్నారెడ్డికీ, నవలలోని గన్నారెడ్డికీ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

గోన గన్నారెడ్డి పేరు వినగానే ఇవాళ చాలామంది విద్యార్థులకు 2015లో గుణశేఖర్ దర్శకత్వంలో వచ్చిన 'రుద్రమదేవి' సినిమా గుర్తుకువస్తుంది. అందులో అల్లు అర్జున్ వేసిన పాత్ర అది. కొంచెం పెద్దవాళ్లకు అడివి బాపిరాజు నవల గుర్తుకువస్తుంది. శాసనాలు చదివినవాళ్లకు మాత్రం రాయచూరు కోటగోడలోని ఒక పెద్ద రాయి గుర్తుకువస్తుంది. ఒకే పేరు, మూడు రూపాలు. సినిమాలోని మనిషి నవలలోని మనిషికి దగ్గరి చుట్టం. రాతి మీది మనిషి మాత్రం వాళ్లిద్దరికీ కొంత దూరపువాడు.

ఈ దూరాన్ని కొలవడమే ఈ పాఠంలో మన పని. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల నుంచి చదువుతున్న విద్యార్థులకు ఈ పని మరీ అవసరం. ఎందుకంటే గోనవారి రాజధాని వర్ధమానపురం మరెక్కడో లేదు. నాగర్‌కర్నూల్‌కు సమీపంలో ఉన్న నేటి నంది వడ్డెమానే అది. తమ ఊరి చరిత్రను నవల నుంచి నేర్చుకున్నవారు పరీక్ష కాగితం మీద కల్పనను చరిత్రగా రాసే ప్రమాదం ఉంది. దానికి భయపడి, నవలంతా అబద్ధమని పక్కన పెట్టేవారు ఒక మంచి రచనను పోగొట్టుకుంటారు. ఈ రెండూ పొరపాట్లే. నవలను నవలగా ఆనందిస్తూ, చరిత్రను చరిత్రగా గౌరవించడం ఎలాగో చూద్దాం.

2. రచయిత

అడివి బాపిరాజు (1895–1952) పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించారు. జాతీయోద్యమంలో పాల్గొని జైలుకు వెళ్లారు. మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటోపాధ్యాయ వద్ద చిత్రకళ అభ్యసించారు. కవి, చిత్రకారుడు, కథకుడు, నవలాకారుడు. ఆయన సాంఘిక నవల 'నారాయణరావు', విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' ఆంధ్ర విశ్వకళా పరిషత్తు బహుమతిని పంచుకున్నాయి. చారిత్రక నవలల్లో 'హిమబిందు' శాతవాహనుల కాలానికీ, 'అడవి శాంతిశ్రీ' ఇక్ష్వాకుల కాలానికీ, 'గోన గన్నారెడ్డి' కాకతీయుల కాలానికీ చెందినవి.

1940వ దశకంలో బాపిరాజు హైదరాబాదులో 'మీజాన్' తెలుగు దినపత్రికకు సంపాదకులుగా ఉన్నారు. 'గోన గన్నారెడ్డి' కూడా ఆ దశకానికి చెందిన నవలే. గోదావరి తీరంలో పుట్టిన రచయిత కృష్ణా తుంగభద్రల నడుమ తిరిగే కథానాయకుడిని ఎన్నుకోవడం గమనించదగ్గ విషయం. తెలుగువాళ్లు వేర్వేరు పాలనల కింద ఉన్న రోజుల్లో, తెలుగు నేలను విస్తారంగా ఒక్క గొడుగు కిందికి తెచ్చిన కాకతీయ యుగం రచయితలను ఆకర్షించింది. నోరి నరసింహశాస్త్రి కూడా 'రుద్రమదేవి' పేరుతో నవల రాశారు.

బాపిరాజు చిత్రకారుడన్న విషయం మరచిపోకండి. ఆయన పాత్రలను ముందు చూపిస్తారు, తరువాత మాట్లాడిస్తారు. వేషం, ఆభరణం, గుర్రం, ఆయుధం, వెలుతురు ఆయన కథనంలో ముందుంటాయి. ఈ లక్షణం సాహస కథకు బలం. పాత్రల మనసులోని సంఘర్షణ విషయంలో అదే కొన్నిసార్లు పరిమితి అవుతుంది.

3. కథా సంగ్రహం

గణపతిదేవుడికి కొడుకులు లేరు. కుమార్తె రుద్రమను మగపిల్లవాడిలా పెంచి, రాజ్యభారం ఆమెకు అప్పగించాలనుకుంటాడు. ఆడది సింహాసనం ఎక్కడమేమిటని కొందరు సామంతులు లోలోపల రగిలిపోతుంటారు. వారిలో వర్ధమానపురాన్ని చేతిలో పెట్టుకున్న గోన లకుమయారెడ్డి ఒకడు. అన్న బుద్ధారెడ్డి మరణించిన తరువాత, అన్న కొడుకు గన్నారెడ్డికి దక్కవలసిన అధికారాన్ని తానే అనుభవిస్తుంటాడు. ఆదవోని ప్రభువు కోటారెడ్డి కుమార్తె అన్నాంబికతో తన కొడుకు వరదారెడ్డికి పెళ్లి నిశ్చయం చేస్తాడు. అది పెళ్లి మాత్రమే కాదు, రెండు కోటల పొత్తు కూడా.

సరిగ్గా పెళ్లివేళ గజదొంగగా పేరుమోసిన గన్నారెడ్డి తన దళంతో వచ్చి పెళ్లికొడుకును ఎత్తుకుపోతాడు. ఇక్కడి నుంచి కథ పరుగు అందుకుంటుంది. లోకం దృష్టిలో గన్నారెడ్డి దోపిడీదారు. లోపల మాత్రం కాకతీయ సింహాసనానికి రహస్యంగా అండగా ఉంటూ, తిరుగుబాటుకు కత్తులు నూరే సామంతులను దెబ్బతీసేవాడు. పెళ్లి ఆగిపోయిన అన్నాంబిక పుట్టింట్లో ముడుచుకుని కూర్చోదు. ఓరుగల్లు చేరి రుద్రమదేవికి సన్నిహితురాలవుతుంది, యుద్ధవిద్యలో ఆరితేరుతుంది. మరోవైపు రుద్రమకూ చాళుక్య వీరభద్రుడికీ మధ్య అనురాగం పెరుగుతుంది. మంత్రి శివదేవయ్య రాజ్యాన్ని కాచే మేధావిగా కనిపిస్తాడు. చివరకు దేవగిరి యాదవ మహాదేవరాజు దండెత్తి వచ్చినప్పుడు గన్నారెడ్డి అసలు రంగు బయటపడుతుంది. శత్రువు ఓడిపోతాడు, గన్నారెడ్డి అన్నాంబికలు ఒక్కటవుతారు.

4. అద్భుత సాహస కథ లక్షణాలు

చారిత్రక నవలలన్నీ ఒకే రకం కావు. కొన్ని చరిత్రలోని కారణాలను వెతుకుతాయి. కొన్ని చరిత్రను రంగస్థలంగా వాడుకుని అద్భుతాన్ని, వీరాన్ని, శృంగారాన్ని నడుపుతాయి. 'గోన గన్నారెడ్డి' రెండో రకానికి చెందినది. ఇందులో మాయలు, మంత్రాలు కథను నడపవు. అయినా పాఠకుడికి కలిగే అనుభూతి రాకుమారుడు ఏడు సముద్రాలు దాటే కథల్లోని అనుభూతికి దగ్గరగా ఉంటుంది. దీనికి కారణాలు నాలుగు.

మొదటిది, కోల్పోయిన వారసత్వం. అన్న కొడుకుకు రావలసింది పినతండ్రి చేజిక్కించుకోవడం మన జానపద కథల్లో కనిపించే ముడి. రెండోది, మారురూపం. లోకానికి కనిపించే మనిషి వేరు, అసలు మనిషి వేరు. మూడోది, అపహరణ. మన కథల్లో సాధారణంగా ఎత్తుకుపోయేది రాకుమార్తెను. బాలనాగమ్మను మాయలఫకీరు ఎత్తుకుపోతాడు. బాపిరాజు ఈ ఆనవాయితీని తలకిందులు చేసి పెళ్లికొడుకును ఎత్తుకుపోయేలా చేశారు. పాఠకుడు నవ్వుకుంటాడు, అదే సమయంలో రాజకీయం కూడా అర్థమవుతుంది. వరుడు లేకపోతే పెళ్లి లేదు, పెళ్లి లేకపోతే పొత్తు లేదు. నాలుగోది, గుట్టు విడిపోవడం. దొంగ అనుకున్నవాడే రాజ్యరక్షకుడని తేలడంతో కథ ముగింపుకు వస్తుంది.

ప్రపంచ సాహిత్యంలో దీనికి దగ్గరి ఉదాహరణ వాల్టర్ స్కాట్ 1819లో ప్రచురించిన 'ఐవాన్‌హో'. అందులో అడవిలో ఉండే దొంగల నాయకుడు రాబిన్ హుడ్, మారువేషంలో తిరిగే అసలు రాజుకు తోడ్పడతాడు. చట్టానికి బయట ఉన్నవాడే ధర్మానికి దగ్గరగా ఉన్నాడన్న ఊహ రెండు నవలలకూ సమానం.

మన పాలమూరులోనే మరో పోలిక ఉంది. ఉన్నవాళ్లను కొట్టి లేనివాళ్లకు పెట్టిన పండుగ సాయన్న కథను ఈ ప్రాంతపు గాయకులు ఇప్పటికీ పాడతారు. సాయన్న కింది నుంచి పుట్టిన వీరుడు, అతని కథ విషాదంగా ముగుస్తుంది. గన్నారెడ్డి పై నుంచి దిగివచ్చిన వీరుడు. రాజవంశంలో పుట్టి, కొంతకాలం దొంగగా తిరిగి, మళ్లీ సభలో తన ఆసనం మీదికి చేరుకుంటాడు. సాయన్న కథ వినేవారికి అధికారం మీద కోపం మిగులుతుంది. గన్నారెడ్డి కథ చదివేవారికి మంచి అధికారం మీద నమ్మకం మిగులుతుంది. రెండు దొంగల కథలకూ ఉన్న ఈ భేదాన్ని బాగా గుర్తుంచుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
అ) పెళ్లికొడుకు అపహరణ జానపద కథా సంప్రదాయానికి ఏ విధంగా భిన్నమైనది?
ఆ) గన్నారెడ్డి, పండుగ సాయన్న కథల మధ్య ముఖ్యమైన భేదం ఏది?

5. ప్రధాన పాత్రలు

ఈ నవలలోని నాలుగు పాత్రలను ఒకే ప్రశ్నతో పరిశీలించవచ్చు: ఈ మనిషి బయటికి ఎలా కనిపిస్తున్నాడు, లోపల ఏమిటి?

5.1 గన్నారెడ్డి

బయట దొంగ, లోపల విశ్వాసపాత్రుడు. సాహస నాయకుడికి ఉండవలసినవన్నీ ఇతనికి ఉన్నాయి: వేగం, చమత్కారం, చెప్పిన మాట నిలబెట్టుకునే గుణం, ప్రాణమిచ్చే అనుచరులు. అయితే ఇతని అసలు సాహసం కత్తియుద్ధంలో లేదు. మంచివాడై ఉండి చెడ్డపేరు మోయడంలో ఉంది. వీరుడికి కీర్తి ఊపిరి వంటిది. దానిని వదులుకుని, ఎదురుగా నిలబడి తిట్టేవాళ్లకు కూడా నిజం చెప్పకుండా ఉండడం కష్టమైన పని. అందువల్ల పాఠకుడికి అతని మీద అభిమానంతో పాటు ఒక రకమైన జాలి కూడా కలుగుతుంది.

లోపం ఏమిటంటే, గన్నారెడ్డికి సందేహం తక్కువ. దొంగ వేషం వేసినవాడు ఎప్పుడో ఒకప్పుడు దొంగతనం రుచి మరగవచ్చు కదా, తన దాడుల్లో ఏ పాపమూ ఎరుగనివాడు నష్టపోయి ఉండవచ్చు కదా? ఇటువంటి ప్రశ్నల మీద బాపిరాజు ఎక్కువసేపు నిలవరు. గన్నారెడ్డి మొదటి పుటలో ఎంత నిర్మలుడో చివరి పుటలోనూ అంతే. మనకు తెలిసే విషయం మారుతుంది గాని, మనిషి మారడు. విమర్శ పరిభాషలో చెప్పాలంటే ఇది వికసించే పాత్ర కాదు, ఆవిష్కృతమయ్యే పాత్ర.

5.2 రుద్రమదేవి

బయట పురుషుడు, లోపల స్త్రీ. రుద్రమను శాసనాలు రుద్రదేవ మహారాజు అని పురుషనామంతో పేర్కొన్నాయి. ఈ చారిత్రక వాస్తవాన్నే బాపిరాజు నవలకు కీలకంగా మార్చుకున్నారు. గన్నారెడ్డి తన వేషాన్ని తాను ఎన్నుకున్నాడు. రుద్రమకు ఆ అవకాశం లేదు, ఆమె వేషాన్ని తండ్రి, రాజ్యం కలిసి నిర్ణయించాయి. వీరభద్రుడి పట్ల ప్రేమ కలిగినప్పుడు ఈ బరువు పాఠకుడికి తెలుస్తుంది. ప్రేమించాలంటే స్త్రీగా కనిపించాలి, పాలించాలంటే పురుషుడిగా కనిపించాలి. ఈ ఇరకాటమే ఆమె పాత్రకు లోతు ఇచ్చింది.

నవల పేరు గన్నారెడ్డిదే అయినా, కథను కదిలించే ప్రశ్న రుద్రమదే: స్త్రీ రాజ్యం చేయవచ్చునా? గన్నారెడ్డి చేసిన ప్రతి దాడీ ఈ ప్రశ్నకు ఔనని చెప్పే సమాధానమే. అయితే ఆ సమాధానాన్ని చెప్పడానికి ఒక పురుషవీరుడు అవసరమయ్యాడన్నది కూడా గమనించవలసిన విషయం. చరిత్రలోని రుద్రమ సుమారు 1262 నుంచి 1289 దాకా రాజ్యమేలింది. యాదవులను ఎదుర్కొంది, సామంతుల తిరుగుబాట్లను తట్టుకుంది. ఆమె మరణాన్ని తెలిపే చందుపట్ల శాసనం 1289 నాటిది. దాదాపు 27 ఏళ్ల పాలన అది. నవల ఆ పాలన తొలిరోజుల మీదే దృష్టి నిలిపింది.

5.3 అన్నాంబిక

ఈ నవలలో అందరికంటే ఎక్కువ దూరం ప్రయాణించిన పాత్ర అన్నాంబిక. ఆదవోని కోటలో ఆమె ఒక ఒప్పందంలో భాగం. ఎవరిని పెళ్లాడాలో తండ్రులు తేల్చారు, ఆ పెళ్లిని ఒక దొంగ ఆపాడు. రెండు నిర్ణయాలూ ఆమెను అడిగి చేసినవి కావు. పెళ్లి పీటల మీద ఆగిపోయిన అమ్మాయికి లోకం ఇచ్చే స్థానం ఏమిటో మీకు తెలుసు. ఆ స్థానాన్ని ఆమె అంగీకరించలేదు. ఓరుగల్లు చేరి, ఆయుధం పట్టి, తనకు తానే ఒక గౌరవాన్ని సంపాదించుకుంది.

మిగిలినవాళ్ల అసలు రూపం రచయితకు తెలుసు, క్రమంగా పాఠకుడికీ తెలుస్తుంది. అన్నాంబికకు మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు. తన బతుకును ఒక్క పూటలో మార్చేసిన మనిషి దొంగా, దొరా అన్నది ఆమె తన కళ్లతో చూసి, తన బుద్ధితో తేల్చుకోవాలి. ఈ కారణంగా ఆమె పాఠకుడికి ప్రతినిధి. మనం కూడా ఆమెలాగే సందేహంతో మొదలుపెట్టి నమ్మకానికి చేరుకుంటాం. గన్నారెడ్డి మారడని పైన చెప్పుకున్నాం. మారేది అన్నాంబిక. అందువల్ల ఈ నవలకు నాయకుడు గన్నారెడ్డి అయినా, పాత్రపోషణ దృష్టితో చూస్తే బరువైన పాత్ర అన్నాంబికదే అని నా అభిప్రాయం. మీరు అంగీకరించకపోవచ్చు. కారణాలు చూపి విభేదించండి, మార్కులు తగ్గవు.

5.4 లకుమయారెడ్డి

ఇతనిది గన్నారెడ్డికి సరిగ్గా ఎదురు రూపం. బయట ప్రభువు, లోపల ద్రోహి. సభలో సామంతుడి మర్యాద, ఇంట్లో తిరుగుబాటు ఆలోచన. ఇతడి దుర్మార్గం రాక్షసుడిది కాదు, ఇంటిపెద్దది. కొడుక్కి రాజ్యం కావాలన్న ఆశ, అన్న కొడుక్కి ఇవ్వవలసింది ఇవ్వడానికి మనసొప్పకపోవడం. వాటాల తగాదాలు చూసిన ఏ పల్లెలోనైనా ఇటువంటి మనిషి కనిపిస్తాడు. కల్పన నిండిన కథలో నేలమీద నిలబడ్డ పాత్ర ఇది.

నాలుగు పాత్రలనూ పక్కపక్కన పెట్టి చూడండి. దొంగ వేషంలో విశ్వాసం, పురుష వేషంలో రాణి, ప్రభువు వేషంలో ద్రోహం. ఈ మూడు వేషాల నడుమ ఏది నిజమో వెతుక్కునే అన్నాంబిక. పుట్టుకను, వేషాన్ని, ఊరి మాటను బట్టి మనిషిని లెక్కకట్టవద్దని నవల చెబుతున్నది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
అ) గన్నారెడ్డి వేషానికీ రుద్రమ వేషానికీ భేదం ఏమిటి?
ఆ) అన్నాంబిక పాఠకుడికి ప్రతినిధి అనడంలో అర్థం ఏమిటి?

6. శాసనాల్లో గన్నారెడ్డి

ఇప్పుడు నవలను కాసేపు మూసి, రాయిని చదువుదాం. రాయచూరు కోటగోడలో సుమారు 41 అడుగుల పొడవున్న ఒక రాతి మీద 1294 నాటి తెలుగు శాసనం ఉంది. దాని ప్రకారం ప్రతాపరుద్రుడి కాలంలో, గోన గన్నారెడ్డి అధికారం కింద ఉన్న విఠలుడు ఆదవాని, తుంబళం మొదలైన దుర్గాలను గెలిచి, రాయచూరులో ప్రవేశించి, అక్కడ బలమైన కోట కట్టించాడు.

ఈ ఒక్క శాసనాన్ని నవలతో పోల్చితే మూడు సంగతులు తేలుతాయి.

మొదటిది కాలం. శాసనం నాటికి రుద్రమదేవి మరణించి ఐదేళ్లయింది. సింహాసనం మీద ఉన్నది ప్రతాపరుద్రుడు. అంటే గన్నారెడ్డి పేరు నిలబెట్టిన ఘనకార్యం రుద్రమ కాలానిది కాదు. బాపిరాజు ఇతడిని ముప్ఫై ఏళ్లు వెనక్కి, రుద్రమ పట్టాభిషేకం నాటి సంక్షోభంలోకి తీసుకువెళ్లారు. 1294లో ప్రౌఢవయస్కుడైన సేనాని 1262 ప్రాంతంలో యువకుడై ఉండడం అసాధ్యం కాదు. ఆ అవకాశం ఉన్న చోటే కల్పన అడుగుపెట్టింది.

రెండోది వృత్తి. శాసనంలో గన్నారెడ్డి సేనాధిపతి, కాకతీయ రాజ్యపు సరిహద్దు కాచే అధికారి. దొంగ కాదు. గజదొంగ వేషం సాహస కథ ఇచ్చిన వరం. పరీక్షలో దీనిని చరిత్రగా రాయకూడదు.

మూడోది ఆదవోని. నవలలో అది కథానాయిక పుట్టిల్లు. శాసనంలో అది గన్నారెడ్డి పక్షం గెలుచుకున్న దుర్గం. కోటను జయించిన చరిత్రను నవలాకారుడు కోట కుమార్తెను పెళ్లాడిన కథగా మార్చారని చెప్పవచ్చు. ఇది పొరపాటు కాదు, సాహస కథల సహజ పద్ధతి. కాకపోతే ఇలా మార్చినప్పుడు యుద్ధంలోని రక్తం పక్కకు తప్పుకుని, ప్రేమ ముందుకు వస్తుంది. ఆ సంగతి విమర్శకుడు గుర్తించాలి.

గోనవారి కుటుంబంలో కత్తితో పాటు కలమూ ఉంది. ద్విపదలో వచ్చిన రంగనాథ రామాయణం గోన బుద్ధారెడ్డి రచనగా ప్రసిద్ధం. ఉత్తరకాండను ఆయన కుమారులు కాచభూపతి, విఠలుడు రచించారు. ఈ కావ్య కర్తృత్వం గురించీ, శాసనాల్లోని పేర్లను వంశవృక్షంలో ఎక్కడ నిలపాలన్న దాని గురించీ పండితుల్లో భేదాభిప్రాయాలున్నాయి. బుద్ధారెడ్డి కుమార్తె కుప్పాంబిక మల్యాల గుండయ భార్య. భర్త మరణించిన తరువాత ఆమె వేయించిన 1276 నాటి బూదపురం శాసనం నేటి భూత్పూరుకు చెందినది. ఆమెను తొలి తెలుగు కవయిత్రిగా భావించే పరిశోధకులున్నారు. ఆ కాలంలో ఒక స్త్రీ తన పేరుతో శాసనం వేయించిందన్న సంగతి తెలిస్తే, అన్నాంబిక వంటి పాత్రను కల్పించడం గాలిలో మేడ కట్టడం కాదని అర్థమవుతుంది. పాత్ర కల్పితం, ఆ పాత్రకు చోటిచ్చిన నేల మాత్రం నిజం.

7. కథాస్థలం: వడ్డెమాను నుంచి రాయచూరు దాకా

ఒక పటం ముందు పెట్టుకుని ఈ భాగం చదవండి. నాగర్‌కర్నూల్ దగ్గరి వడ్డెమాను నుంచి నైరుతిగా బయలుదేరితే వనపర్తి నేల వస్తుంది. అక్కడి నుంచి కృష్ణ దాటితే గద్వాల. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ భూమిని మనవాళ్లు నడిగడ్డ అంటారు. నడిగడ్డ నుంచి పడమరకు వెళితే రాయచూరు. దక్షిణంగా తుంగభద్ర దాటి ముందుకు వెళితే ఆదోని, అంటే నవలలోని ఆదవోని.

ఈ దారి తెలిస్తే గోనవారి ప్రాధాన్యం తెలుస్తుంది. రెండు నదుల నడుమనున్న ఈ భూమి కోసం దేవగిరి యాదవులు, కాకతీయులు పోటీపడ్డారు. తరువాతి కాలంలో బహమనీలు, విజయనగర రాజులు ఇదే భూమి కోసం తరతరాలుగా పోరాడారు. వర్ధమానపురంలో ఉన్నవాడు ఓరుగల్లుకు పడమటి కాపలాదారు. అతడు తిరగబడితే రాజ్యానికి ఒక తలుపు తెరుచుకుంటుంది. లకుమయారెడ్డి ఆదవోనితో వియ్యమందబోవడం ఎందుకంత ప్రమాదమో, గన్నారెడ్డి ఆ పెళ్లిని ఆపడం ఎందుకంత అవసరమో పటం చూసిన విద్యార్థికి వెంటనే తెలుస్తుంది. నవలలో ఆటలా కనిపించే అపహరణ వెనుక సరిహద్దు రాజకీయం ఉంది.

గద్వాల ప్రాంతానికే చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1949లో ప్రచురించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో కావ్యాల నుంచి ప్రజల తిండి, బట్ట, ఆట, ఆచారం వెలికితీశారు. సాహిత్యాన్ని చరిత్రకు ఆధారంగా ఎలా వాడాలో ఆ గ్రంథం నేర్పుతుంది. ఒక కాలంలో పుట్టిన కావ్యం ఆ కాలపు జీవితానికి సాక్ష్యం చెబుతుంది. ఏడు వందల ఏళ్ల తరువాత రాసిన నవల 13వ శతాబ్దానికి సాక్షి కాలేదు. అది ప్రధానంగా సాక్ష్యం చెప్పేది తాను పుట్టిన 1940ల మనసు గురించి. వీరులు కావాలని, రాజ్యం నిలవాలని, స్త్రీకి గౌరవం దక్కాలని ఆశపడిన తరం మనసు అది.

8. గుణదోషాలు

నవల బలం వేగంలో, దృశ్యాల్లో, పాత్రల ఎంపికలో ఉంది. రుద్రమ వంటి మహారాణిని పక్కన నిలిపి, పెద్దగా ప్రసిద్ధి లేని సామంతుడిని నాయకుడిని చేయడం బాపిరాజు చేసిన మంచి పని. పాలమూరు నేలకు తెలుగు నవలలో ఒక వీరుడు దొరికాడు.

దోషాలు కూడా చెప్పుకోవాలి. మంచివాళ్లు మరీ మంచివాళ్లు. కథ బరువంతా కోటలు, సభలు, సేనల మీదే ఉంది. ఆ సేనలకు తిండి పెట్టిన రైతు, కాకతీయుల నాటి చెరువుల కింద పనిచేసిన కూలి కథకు అంచున ఉండిపోయారు. అన్నాంబిక అంత దూరం ప్రయాణించినా, ఆమె కథ పెళ్లితోనే ముగియడం ఆ కాలపు నవలల పరిధిని తెలుపుతుంది.

ఈ లోటును రాయచూరు రాయే కొంత పూరించింది. అంత పెద్ద బండను బండి మీద వేసి పశువులతో లాగించుకొచ్చిన దృశ్యం కూడా ఆ కోటగోడ మీద చెక్కి ఉంది. 41 అడుగుల రాయిని గుట్ట నుంచి కోటదాకా చేర్చడం కూడా సాహసమే. ఆ సాహసం చేసినవాళ్ల పేర్లు శాసనంలో లేవు, నవలలోనూ లేవు. బొమ్మ మాత్రం ఉంది. గన్నారెడ్డి గురించి రాసే రేపటి నవలాకారుడు మీలో ఎవరైనా ఉంటే, ఆ బండి తోలినవాడి దగ్గర నుంచి కథ మొదలుపెట్టవచ్చు.

9. సారాంశం

'గోన గన్నారెడ్డి' కాకతీయ చరిత్రను రంగస్థలంగా తీసుకున్న సాహస నవల. మారురూపం ఇందులో ప్రధాన సాధనం. గన్నారెడ్డి ఆవిష్కృతమయ్యే పాత్ర, అన్నాంబిక వికసించే పాత్ర. రుద్రమ పాత్ర పాలనకూ ప్రేమకూ నడుమ నలిగేది. లకుమయారెడ్డి నాయకుడికి ఎదురు రూపం. 1294 నాటి రాయచూరు శాసనంలో గన్నారెడ్డి ప్రతాపరుద్రుడి కాలపు సేనాధిపతి. దొంగ వేషం, ఆదవోని పెళ్లి నవలకు చెందినవి. ఈ రెండింటినీ కలపకుండా, రెండింటినీ వదలకుండా చదవడమే సరైన పద్ధతి.

10. నమూనా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 'గోన గన్నారెడ్డి' నవలలో మారురూపం పోషించిన పాత్రను ప్రధాన పాత్రల ఆధారంగా చర్చించండి.
2. శాసనంలోని గన్నారెడ్డిని, నవలలోని గన్నారెడ్డిని పోల్చి, కల్పన ఎక్కడ మొదలైందో వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. అన్నాంబిక పాత్రను సమీక్షించండి.
2. వర్ధమానపురం భౌగోళిక ప్రాధాన్యం ఏమిటి?
3. కుప్పాంబిక శాసనం ఈ నవల చదివేవారికి ఎందుకు అవసరం?

III. మీరే చేయండి.
మీ ఊళ్లో గాని, దగ్గరి ఊళ్లో గాని ఉన్న పాత గుడి, కోట, చెరువు కట్ట దగ్గరికి వెళ్లండి. అక్కడ శాసనం ఉంటే అది ఎక్కడుంది, ఏ స్థితిలో ఉంది అన్నది ఒక పుటలో రాయండి. రాతి మీద సున్నం గాని, రంగు గాని పూయకండి. ఆ స్థలం గురించి పెద్దవాళ్లు చెప్పే కథను మరో పుటలో రాయండి. రెండు పుటలనూ కలపకుండా, విడివిడిగా సంపర్క తరగతికి తీసుకురండి.

11. కఠిన పదాలకు అర్థాలు

సామంతుడు: చక్రవర్తికి లోబడి ఒక ప్రాంతాన్ని పాలించే ప్రభువు
గజదొంగ: పేరుమోసిన పెద్ద దొంగ
దుర్గం: కోట
ద్విపద: రెండేసి పాదాలతో నడిచే దేశి ఛందస్సు
కర్తృత్వం: రచన ఎవరిదన్న విషయం
వియ్యం: పెళ్లి వల్ల ఏర్పడే రెండు కుటుంబాల సంబంధం
నడిగడ్డ: రెండు నదుల నడుమనున్న భూమి